నోరు తెరిచి చేసిన ప్రార్థన

నాకు సంతకం పెట్టడం వచ్చు. బైబిల్లో పెద్ద అక్షరాలైతే వేలు పెట్టుకుని కూడబలుక్కుంటాను. అంతకు మించి చదువు లేదు. అందుకే నేను చెబుతున్నాను, ఇంకొకరు రాస్తున్నారు. రాసేవాళ్ళకు ఒకటే చెప్పాను, నన్ను మంచిదాన్ని చెయ్యొద్దని.

మాది ఉదయగిరి కొండ కింద. నేను చెక్క గరిటెలు చేస్తాను. మా ఆయన ఉన్నప్పుడు ఆయన చెక్క కోసి ఇస్తే నేను ఆకురాయి పట్టి నునుపు చేసేదాన్ని. ఆయన పోయి నాలుగేళ్ళు. ఇప్పుడు కోసిన చెక్క తెప్పించుకుని మిగతా పని నేనే చేసుకుంటున్నాను.

ఆయన పోయిన రోజు సంగతి ముందు చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. మా తోడికోడలు, అంటే మా మరిది భార్య, ఆ రోజు వచ్చి గడప దగ్గర నిలబడింది. పెట్టెలో ఉన్న మనిషిని చూసింది. కంట్లో చుక్క నీళ్ళు లేవు. గోడకు తగిలించిన క్యాలెండరును చూసినట్టు చూసింది. సమాధి దగ్గరకు కూడా రాకుండా వెళ్ళిపోయింది. ఆయన ఆ పిల్లను సొంత చెల్లెలిలా చూసుకున్నాడు. నేను ఆ ముఖం మరిచిపోలేదు. మూడేళ్ళకు పైగా, రెండు వీధుల అవతలే ఉన్నా, ఎదురుపడితే తల తిప్పుకున్నాను.

ఆ కోపం నన్ను తినేసింది. పని చేస్తుంటే గుండె దడదడ కొట్టుకునేది. నిద్ర పట్టేది కాదు. కోడి అడ్డమొచ్చినా బూతులు తిట్టేదాన్ని. ఊరికి వచ్చే నర్సు బీపీ చూసి ఆత్మకూరు ఆసుపత్రికి పొమ్మంది. అక్కడ డాక్టరు బీపీ మాత్రలు రాసి, మనసు డాక్టరు మంగళవారం వస్తాడు, ఆ రోజు పక్కగదిలో ఒక క్లాసు కూడా జరుగుతుంది, వచ్చి కూర్చోమన్నాడు. నేను ఆ గది పేరు ఎవరికీ చెప్పలేదు. బీపీ మాత్రలకు పోతున్నానని చెప్పి బస్సెక్కేదాన్ని.

క్లాసు చెప్పేది ఒక నర్సమ్మ. నా కూతురి వయసుంటుంది. ప్లాస్టిక్ కుర్చీల్లో ఏడెనిమిది మందిమి. కళ్ళు మూసుకోమంటుంది. ముందు నీ కోసం కోరుకో అంటుంది. నా బాధ తగ్గాలి, నేను నెమ్మదిగా ఉండాలి అని. తర్వాత నీకు ఇష్టమైన మనిషి కోసం. తర్వాత పేరు కూడా తెలియని ఎవరో ఒకరి కోసం. ఆఖరున నిన్ను బాధపెట్టిన మనిషి కోసం. ఆ మనిషి బాధ కూడా తగ్గాలి, ఆ మనిషి కూడా నెమ్మదిగా ఉండాలి అని. ఇంతే. దీన్ని కరుణ ధ్యానం అంటారంది.

నేను మొదటి రోజే అడిగాను. "ఇది ప్రార్థనే గదమ్మా. దీనికి ఆసుపత్రి ఎందుకు?"

"మీకు ప్రార్థన అనిపిస్తే అలాగే అనుకోండమ్మా. దేవుణ్ణి నమ్మనివాళ్ళు కూడా చెయ్యొచ్చు. మనసులో అనుకోవాలి, అంతే," అంది.

మనసులో అనుకోవాలి అన్న ఆ మాటను నేను పట్టించుకోలేదు.

ఆ పిల్ల తల బొమ్మ ఒకటి తెచ్చి మెదడు చూపించేది. లోపల బాదంపప్పంత ముక్క ఒకటి ఉంటుందట. భయమూ కోపమూ వస్తే అది గంట కొడుతుంది, గుండె పరిగెత్తుతుంది. మీకు రోజంతా ఆ గంట మోగుతూనే ఉంది అనేది. ఎదుటివాళ్ళకు మంచి జరగాలని రోజూ కొంతసేపు కోరుకునేవాళ్ళ మెదడు ఫోటోలు తీసి చూశారట. ఆ గంట మెల్లమెల్లగా తగ్గడం కొందరిలో కనిపించిందట. ఇంకోటి కూడా చెప్పింది. పక్కమనిషి బాధను మన బాధ చేసుకుంటే మనమూ కుంగిపోతాం. అదే ఆ బాధ తగ్గాలని కోరుకుంటే మెదడులో పనిచేసే చోటే వేరు, అక్కడ నీరసం రాదు, చెయ్యి అందించబుద్ధవుతుంది అంది.

"అందరికీ ఒకేలా పనిచెయ్యదు. ఇంకా పరీక్షలు చేస్తూనే ఉన్నారు. ఇది మాత్రలకు బదులు కాదు, మాత్రలు మానకూడదు," అని ప్రతి మంగళవారం చెప్పేది.

నాకు నా పని భాషలో అర్థమైంది. ఆకురాయి ఒకే చోట రాస్తూ ఉంటే చెక్కకు గాడి పడుతుంది. తర్వాత ఆకురాయి తనంతట తనే ఆ గాడిలోకి జారుతుంది. మనసు కూడా అలాంటిదే కాబోలు అనుకున్నాను. గడియారం చూడటం ఎందుకని గరిటెతో కొలత పెట్టుకున్నాను. ఒక గరిటె కాడ నునుపయ్యేదాకా నా కోసం. గుంట నునుపయ్యేదాకా పోయిన మా ఆయన కోసం. రెండోదీ మూడోదీ బస్సులో చూసిన ఎవరో ఒకరి కోసం. నాలుగోది వచ్చేసరికి తోడికోడలి ముఖం వచ్చేది. గడప దగ్గర నిలబడ్డ ముఖం. ఆకురాయి కింద పెట్టేసి లేచి నీళ్ళు తాగేదాన్ని. నెలన్నర అలాగే గడిచింది. అయినా నిద్ర కొంచెం పడుతోంది. కోడిని తిట్టడం తగ్గింది.

ఒక మంగళవారం ఆ గది తలుపు తోసుకుని తోడికోడలు వచ్చింది.

నన్ను చూసి అక్కడే ఆగిపోయింది. "నువ్వా అక్కా," అంది. వెనక్కి తిరగబోతే నర్సమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఈ గదిలో చెప్పుకున్నది ఈ గదిలోనే ఉంటుంది, బయటికి పోదు అని మా అందరి చేత ఇంకోసారి అనిపించింది. నేను కూడా అన్నాను. నా నోటితోనే అన్నాను.

ఎందుకొచ్చావో ఇష్టమైతే చెప్పు అని నర్సమ్మ అడిగింది. అది నేలను చూస్తూ చెప్పింది. "నాకు లోపలంతా ఎండిపోయిండాది. ఆరేళ్ళ నుంచి అంతే. సంతోషం రాదు, ఏడుపు రాదు. మా బావ చచ్చిపోయినప్పుడు గూడా రాలేదు. ఈ అక్క నా మొగం జూసింది. నాకు చెప్పుకునేదానికి నోరు రాలేదు. ఇంటికి పోయి తల గోడకేసి కొట్టుకున్నా రాలేదు." ఏడాది నుంచి ఇక్కడి డాక్టరు ఇచ్చే మాత్రలు మింగుతున్నాననీ, మా మరిదికి, అంటే తన మొగుడికి తప్ప ఎవరికీ తెలియదనీ, మోకాళ్ళ నొప్పులని చెప్పి వస్తున్నాననీ చెప్పింది. మాత్రలు పడ్డాక ఈ మధ్యే ఒకసారి కన్నీళ్ళు వచ్చాయట. బడిలో పిల్లలకు అన్నం వడ్డిస్తుంటే వచ్చాయట. మా ఊరి బడిలో మధ్యాహ్నం అన్నం వండేది అదే.

ఇంటికి వచ్చి ఆకురాయి పట్టుకున్నాను. నాలుగో గరిటె పూర్తి చేశాను. దాని బాధ తగ్గాలి, అది నెమ్మదిగా ఉండాలి అని మొదటిసారి అనగలిగాను. గుంట మీద నా కన్నీళ్ళు పడ్డాయి. మూడేళ్ళు నేను ఒక జబ్బు మనిషి మీద పగ పట్టానా అని సిగ్గేసింది. ఆ సిగ్గు మంచిదే. నేను చెప్పబోయేది ఇంకో సిగ్గు.

మా చర్చి సంఘంలో గురువారం మధ్యాహ్నం స్త్రీల కూడిక ఉంటుంది. చాపలు వేసుకుని ఇరవై మంది దాకా కూర్చుంటాం. పాట, వాక్యం, తర్వాత ప్రార్థన. ఒకరి తర్వాత ఒకరు నోరు తెరిచి చెయ్యాలి. మనసులో చేసుకున్నది మా వాళ్ళ దృష్టిలో ప్రార్థనే కాదు. ఎవరి కోసం చేస్తున్నామో పేరు పెట్టి, వాళ్ళ కష్టం ఏమిటో విడమరిచి చెప్పాలి. ఎవరికి ఏ జబ్బు, ఎవరి కొడుకు తాగుతున్నాడు, ఏ ఇంట్లో మాటల్లేవు, అన్నీ ప్రార్థనలోనే మాకు తెలుస్తాయి. చిన్నప్పుడు మా అవ్వ పక్కన కూర్చుని నేర్చుకున్నదే. ఎంత వివరంగా చెబితే అంత భారంతో, అంత మనసు పెట్టి చేసినట్టు.

ఆ గురువారం తోడికోడలు రాలేదు, బడిలో ఉంది. నా వంతు వచ్చింది. నర్సమ్మ చెప్పినట్టే మొదలుపెట్టాను. నా కోసం, మా ఆయన జ్ఞాపకం కోసం, ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం. ఆఖరిది వచ్చింది. నిజంగానే దాని మీద జాలి పొంగింది. నోరు ఆగలేదు. "ప్రభువా, నా తోడికోడలిని జ్ఞాపకం చేసుకో. ఆత్మకూరులో మనసు డాక్టరు దగ్గర మాత్రలు మింగతా ఉండాది తండ్రీ. ఏడాది నుంచి దాచిపెట్టుకోని కుమిలిపోతా ఉండాది. సొంత బావ చచ్చిపోతే ఏడుపు రానంత రాయి అయిపోయింది దాని గుండె. ముట్టి బాగుచెయ్యి తండ్రీ" అన్నాను.

కూడికలో మామూలుగా ఒకరు ప్రార్థిస్తుంటే మిగతావాళ్ళు ఆమెన్, స్తోత్రం అంటూ ఉంటారు. ఆ మాటకు ఎవరూ ఏమీ అనలేదు. నిశ్శబ్దం అయిపోయింది. ఇరవై మంది చెవులు నా నోటి దగ్గరే ఉన్నాయి.

ఇక్కడే చెప్పాలి. ఆ నిశ్శబ్దం నాకు తెలిసింది. కళ్ళు మూసుకునే ఉన్నాను, కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, అవి దొంగ కన్నీళ్ళు కావు. కానీ ఆ నిశ్శబ్దం నాకు రుచిగా ఉంది. నాలిక చివర తేనె చుక్క పెట్టినట్టు. చూశారా, నా మొగుడి శవం ముందు ఏడవని మనిషి సంగతి ఇదీ అని లోపల ఎక్కడో ఒకటి లేచి కూర్చుంది. ఆమెన్ అనేలోపే అది నాకు తెలుసు. తెలిసీ ఆమెన్ అన్నాను.

ఇంకొకటి కూడా ఉంది. దాన్ని ఎక్కడ చూశానో అంత వివరంగా చెప్పాను గదా, నేను అక్కడ ఎందుకున్నానో చెప్పలేదు.

కూడిక అయ్యాక ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఎంత భారంగా చేశావు మే, అది అంత చేసినా నీకు దాని మీద ఎంత ప్రేమ అన్నారు. నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

పదిహేను రోజులు గడిచాయి. ఆ రెండు మంగళవారాలూ తోడికోడలు క్లాసుకు రాలేదు. ఏదో పని ఉండి ఉంటుందిలే అనుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. ఒక పొద్దున నేను ఆకురాయి పడుతుంటే మరిది వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"వదినా, కూడికలో ఏం జేసినావు?"

"ప్రార్థన జేసినాను."

"నువ్వు జేసిన ప్రార్థనకి బడికాడ దాన్ని వండొద్దన్నారు. పిచ్చిదాని చేతి కూడు మా బిడ్డలు తినరని ఇద్దరు ఆడోళ్ళు బోయి హెడ్మాస్టరు అయ్యవారికి చెప్పినారంట. కొన్నాళ్ళు ఇంటికాడ ఉండమ్మా అని ఆయన పంపించేసినాడు. ఇదేమో మాత్రలు కవరుతో సహా పెంటలో పారేసింది. ఆత్మకూరు బస్సు ఎక్కనంటాది. మంచం దిగదు, పలకదు."

చేతిలో ఆకురాయి కింద పెట్టాను.

"అయినా నువ్వు దాన్ని యాడ జూసినావు? ఆ గదిలో నీకేం పని?" అన్నాడు.

"బీపీ మాత్రలకి బోయినా. అట్టా కనిపించింది," అన్నాను.

వాడు నన్ను చూసి, "అట్టనా," అని వెళ్ళిపోయాడు. ఇంత జరిగాక, ఇంటి మనిషి ముందు కూడా, దాన్ని పిచ్చిదానిగా వదిలి నేను బీపీ మనిషిగానే నిలబడ్డాను.

ఆ మంగళవారం ఆత్మకూరు పోయి నర్సమ్మకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆ పిల్ల మొదట అడిగింది, మాత్రలు ఆపి ఎన్నాళ్ళయింది అని. లెక్కపెట్టుకుని చెబితే ముఖం మారిపోయింది. ఆ మాత్రలు అట్లా ఉన్నట్టుండి ఆపకూడదు, తొందరగా డాక్టరు చూడాలి అంది. నా తోడికోడలికి ఫోను చేసింది. అది ఎత్తలేదు.

"మనసులో అనుకోమన్నాను కదమ్మా," అంది అప్పుడు.

"మనసులో అనుకుంటే దేవుడికి యెట్ట ఇనపడతాదమ్మా?"

ఆ పిల్లకు నవ్వొచ్చింది. వెంటనే ఆపుకుంది. నేనే అడిగాను. "మరి నా లోపల వచ్చిన జాలి అబద్ధమా? నా మెదడు బాగుపడలేదా?"

"అబద్ధం కాదమ్మా. మీకు ఇది రెండు నెలల అలవాటు. పక్కవాళ్ళ సంగతి పైకి చెప్పడం యాభై ఏళ్ళ అలవాటు. జాలి కొత్త దారిలో బయల్దేరి పాత దారిలోకి జారింది," అంది. తర్వాత ఇంకో మాట అంది. "ఆమె బాధ తగ్గాలని కోరుకున్నారు కదా. ఇప్పుడు ఏం చేస్తే తగ్గుతుందో చూడండి."

బస్సులో వస్తూ ఆలోచించాను. ఏం చెయ్యాలో ఆ మాట వినగానే తెలిసింది. చెయ్యకుండా ఉండటానికి దారి ఉందా అనే దారంతా ఆలోచించాను.

గురువారం కూడికలో నా వంతు వచ్చినప్పుడు లేచి నిలబడ్డాను. కళ్ళు మూసుకోలేదు. మూసుకుంటే ప్రార్థన అనుకుంటారని తెరిచే ఉంచాను. అందరూ కళ్ళు మూసుకుని తలలు వంచుకున్నారు. వంచిన ఆ తలలతోనే మాట్లాడాను.

"నేను ప్రార్థన చెయ్యను. మొన్న నేను చేసింది తప్పు. దాని సంగతి నన్ను నమ్మి చెప్పింది, నేను మీ ముందర పారబోసినాను. అది కూసునే గదిలో నేను గూడా కూసుంటాను. దానికంటే ముందర నుంచే కూసుంటున్నా. నాకు గూడా మనసు బాగలేకనే. బీపీ ఒకటే కాదు."

ఒక్కొక్కరే కళ్ళు తెరిచారు. నా పక్కనామె మోకాళ్ళు కొంచెం అటు జరుపుకుంది. సంఘంలో పెద్దామె ఒకావిడ ఉంది, నోరున్న మనిషి. "అట్టయితే ఇంక నీ గరిటెతో కూర తిప్పితే మాకూ అంటుకుంటాదేమో మే," అంది. నలుగురైదుగురు నవ్వారు. నా ఇంట్లో చేసిన గరిటె లేని పొయ్యి వాళ్ళలో ఎవరికీ లేదు. నేను నవ్వలేదు, కోప్పడలేదు. ఆ నవ్వు రెండు వారాలుగా నా తోడికోడలు ఒక్కతే మోస్తోంది గదా అనిపించింది. కూర్చుంటే చాప నా కింద ముళ్ళలా ఉంది.

అక్కడి నుంచి నేరుగా దాని ఇంటికి పోయాను. పెరట్లో మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల దువ్వుకుని ఎన్నాళ్ళయిందో. నేను చెప్పింది చెప్పాను. కూడికలో ఏమన్నానో, వాళ్ళేమన్నారో.

ఇటు తిరక్కుండానే, "ఎవురు చెప్పమన్నారు నిన్ను?" అంది.

"ఎవురూ చెప్పలేదు."

"మొన్న గూడా ఎవురూ చెప్పలేదు గదా."

"మంగళవారం పొద్దున బస్సు ఉండాది," అన్నాను.

"ఉంటే ఎక్కు," అంది గోడతో.

మంగళవారం నేను బస్టాండుకు పోయేసరికి అది ఉంది. మరిది పక్కనే నిలబడి ఉన్నాడు. దాన్ని బస్సెక్కించి వెనక్కి పోయాడు. బస్సులో ముందు సీట్లో, అనుమసముద్రంపేట దర్గాకు పోయే ఒక కుటుంబం పక్కన కూర్చుంది. నేను రెండు వరుసలు వెనక కూర్చున్నాను. మా కూడికకు వచ్చే ఇద్దరు అదే బస్సులో ఉన్నారు. వాళ్ళు దాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. చూడనీ అనుకున్నాను. అనుకోవడమే గానీ ఒళ్ళంతా ముడుచుకుపోయింది.

డాక్టరు మళ్ళీ మాత్రలు రాశాడు, తక్కువతో మొదలుపెట్టి. క్లాసులో అది నాకు దూరంగా, తలుపు దగ్గర కుర్చీ వేసుకుంది.

తిరుగు బస్సులో జనం ఎక్కువ. ఖాళీ సీటు నా పక్కనే ఉంది. వేరే దారి లేక కూర్చుంది. ఒళ్ళో మాత్రల కవరు, పైకి కనిపిస్తోంది. నా సంచిలో అమ్మకానికి తెచ్చిన గరిటెలు మిగిలి ఉన్నాయి. సంచి మూతి తెరిచి, "కవరు ఇందులో బెట్టు, గరిటెల కింద కనపడదు," అన్నాను మెల్లగా.

"దాచేదానికి ఏముండాదిలే అక్కా ఇంక," అంది. కవరు అలాగే ఒళ్ళో పెట్టుకుంది.

నేను సంచి మూతి ముడేసుకున్నాను. కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. బడిలో వంటకు ఇప్పుడు ఇంకొకామె పోతోంది. నేను అయ్యవారి దగ్గరకు రెండుసార్లు పోయి అడిగాను. చూద్దాం అంటున్నాడు. నేను దాని దగ్గర తీసుకున్నది ఇంకా తిరిగి ఇవ్వలేదు, మాత్రల దగ్గరకు మాత్రం తీసుకుపోగలిగాను.

కొంతదూరం పోయాక నాకు తెలియకుండానే పెదవులు కదలడం మొదలైంది. దాని బాధ తగ్గాలి, అది నెమ్మదిగా ఉండాలి. శబ్దం ఏమీ రాలేదు. అయినా అది చూసింది.

"నా కోసరం ప్రార్థన చెయ్యబాక అక్కా," అంది. ఒళ్ళో కవరు సర్దుకుని, "జేస్తే నోరు మూసుకోని జెయ్యి," అంది.

కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఉదయగిరి వచ్చేదాకా తియ్యలేదు.